పిడికెడు రక్తము

(ధ్యానించవలసిన వాక్యభాగములు: మీకా 6:6-8, న్యాయాధిపతులు 11:29-40, లేవీయకాండము 27:1-8, అపొస్తలుల కార్యములు 22:20)



2025వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దసరా పండుగ జరిగెను. మరునాటి సాయంకాలము మా సంఘమునకు చెందిన యొక యౌవనస్థుడు మా యింటికి వచ్చి గుమ్మము వెలుపలనే నిలిచియుండెను. లోనికి రమ్మని పిలిచినను రాలేదు. వాని చొక్కామీద పసుపు మరకలుండెను; ఆ పసుపులో కలిసిపోయిన ఎర్రని మరకయు నొకటి యుండెను. వాడు దేవరగట్టునుండి వచ్చెనని యెవరును చెప్పకయే నాకు తెలిసినది.

“అయ్యగారూ, నేను దండం పెట్టలేదు, టెంకాయ కొట్టలేదు, కట్టె చేత పట్టలేదు. ఊరికే చూడ్డానికి పోతిని. మావానికి తల పగిలింది, ఆరు కుట్లు పడినాయి. చూడ్డానికి పోయింది కూడా పాపమేనా?” అని యడిగెను.

“మావాడు” అని చెప్పినది పక్క వీధిలోని హైందవ స్నేహితుని గూర్చి. ఇద్దరును ఒకే బడిలో చదివి, ఒకే వంకలో ఈత నేర్చుకొనినవారు. పాపమని యొక్క మాట చెప్పి వానిని పంపివేయుట నాకు సులభమే. గాని వాని ముఖము చూచినప్పుడు ఆ మాట నోట రాలేదు. “రేపు నీ స్నేహితుని చూచి వత్తును, తరువాత మాటలాడుదము” అని చెప్పి పంపితిని.

మరునాడు ఉదయమున ఆ యింటికి పోతిని. పిల్లవాడు లోపల నులకమంచము మీద పండుకొనియుండెను. వాని తాత అరుగుమీద కూర్చుండియుండెను. ఆయనకు నేను బహు సంవత్సరములుగా తెలిసినవాడను. క్షేమసమాచారములైన తరువాత, “పెద్దాయనా, ఇది యెందుకు? పిల్లవాడు చచ్చి బ్రతికెను గదా” అంటిని.

ఆయన కొంతసేపు ఊరకుండి యిట్లు చెప్పెను: “అయ్యగారూ, ఇది మేము పెట్టుకున్నది కాదు. మా తాతముత్తాతల కాలంనుంచి వస్తా ఉంది. నేను వద్దంటే ఆ యేడు వాన రాకపోతే, ఊరు ఎవరిని అడుగుతుంది? నన్నే గదా అడిగేది!”

వేదాంత పాఠశాలలో చదువుచుండిన దినములలో హైందవ మతమును గూర్చి కర్మము, పునర్జన్మము, మోక్షము, షడ్దర్శనములు అని నోటుపుస్తకము నిండ వ్రాసికొంటిని. పరీక్షలో మంచి మార్కులును వచ్చెను. ఆ అరుగుమీద వాటిలో నొక్కటియు నాకు పనికిరాలేదు. ఆ ముసలివాని మతము వానకును భయమునకును, ఊరికిని ఒట్టుకును సంబంధించినది. అది పుస్తకములో నుండి ఆయనకు రాలేదు. తండ్రి చేయి పట్టుకొని రాత్రివేళ కొండయెక్కి నేర్చుకొనినది. కావున ఆయనకు జవాబు చెప్పగోరువాడు ఆ కొండమీదనే వెదకవలెనని నాకు తోచినది.

ఆచారము

ఇతర ప్రాంతముల చదువరుల కొరకు సంగతి వివరించెదను. మా ఆలూరు నియోజకవర్గములోని హొళగుంద మండలములో దేవరగట్టు అను కొండ కలదు. దానిమీద మాళమ్మ, మల్లేశ్వరుడు అను దేవతల గుడి యున్నది. విజయదశమినాటి అర్ధరాత్రి వారికి కల్యాణము చేసి, ఉత్సవ విగ్రహములను కాగడాల వెలుగులో కొండ దింపుదురు. నెరణికి, నెరణికి తాండా, కొత్తపేట గ్రామస్థులు ఒక పక్షముగా దేవుని కాపాడుచు నడుతురు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి మొదలగు గ్రామములవారు ఎదురు పక్షముగా నుందురు. ఇనుప రింగులు తొడిగిన కర్రలతో వారు వీరిని, వీరు వారిని కొట్టుదురు. తలలు పగులును. గాయములమీద పసుపు చల్లుకొని మరల గుంపులో చొరబడుదురు. దీనిని బన్ని ఉత్సవమందురు.

ఇంతవరకు పత్రికలలో అందరును చదివినదే. పత్రికవారు అంతగా వ్రాయని సంగతులు కొన్ని కలవు. ఉత్సవమునకు ముందు నెరణికి మొదలగు గ్రామములవారు దీక్ష పట్టుదురు. చెప్పులు తొడుగరు, మాంసము ముట్టరు, బ్రహ్మచర్యము పాటింతురు. ఆ రాత్రి బయలుదేరకమునుపు పెద్దలు పాలను ముట్టి ప్రమాణము చేయుదురు. దానిని పాలబాస యందురు. ఒకరిమీద ఒకరికి కక్ష లేదనియు, ఐకమత్యముతో ఉత్సవము జరిపెదమనియు ఆ ప్రమాణము. కర్ర పట్టుటకు ముందు పగ లేదని పాలమీద ఒట్టుపెట్టుకొను జనులను మనము మూర్ఖులని తీసివేయరాదు. తెల్లవారిన పిమ్మట బసవన్న గుడియొద్ద కార్ణికము చెప్పుదురు. వానలు ఎట్లుండునో, పత్తి ధర, జొన్న ధర ఎట్లుండునో వినుటకు రైతులు చెవియొగ్గి నిలుతురు. మన పడమటి మండలములలో వాన యనగా ఏమో తెలిసిన వాడెవడును ఆ రైతును చూచి నవ్వడు.

అయినను ప్రాణములు పోవుచున్నవి. 2023లోను, మరల 2025లోను ఆ రాత్రి మరణములు సంభవించెను. పదులకొలది మంది గాయములతో ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు చేరిరి. పోలీసులు ముందుగా ఊరూరు తిరిగి బుద్ధి చెప్పుచున్నారు, కర్రలు పట్టుకొనుచున్నారు, కెమెరాలు పెట్టుచున్నారు. ప్రభుత్వ వైద్యులు ముందుగానే మంచములు వేసి సిద్ధముగా నుందురు. అంతయు చేసినను అర్ధరాత్రి కర్రలు లేచుచునే యున్నవి.

కథ

ఇప్పుడు ఆ కర్రల వెనుకనున్న కథను చూతము. మణి, మల్లాసురుడు అను రాక్షసులు ఆ కొండలలో మునులను బాధించిరట. మునులు మొరపెట్టగా శివుడు భైరవ రూపమున వచ్చి వారిని సంహరించెను. చావుచు ఆ రాక్షసులు ఏటేట తమకు నరబలి కావలెనని కోరిరి. స్వామి దానికి ఒప్పుకొనలేదు. పిడికెడు రక్తము మాత్రము ఇప్పించెదనని మాట యిచ్చెను. అందుచేతనే నేటికిని ఊరేగింపు రక్షపడ అనుచోటికి వచ్చినప్పుడు, ఆ సేవకు ఏర్పడిన వంశమునకు చెందిన యొకడు తన తొడను గాయపరచుకొని పిడికెడు రక్తము సమర్పించును.

చదువరులారా, ఈ కథను నేను పలుమారులు వింటిని. అయినను దానిలోని ఒక సంగతిని ఆ ముసలివాని అరుగుమీద నుండి లేచి వచ్చిన తరువాతనే గమనించితిని. రాక్షసులు అడిగినది మనిషిని. దేవుడు ఒప్పుకొనినది పిడికెడు. అదియు ఒక్క మనుష్యుని యొద్దనుండి, వాని యిష్టముతో. కథలో బాకీ అంతటితో తీరిపోయినది. మన పిల్లవాని స్నేహితుని తలనుండి కారిన రక్తమును ఎవరు అడిగిరి? కథలోని దేవుడు అడుగలేదు. ఆయన కాదని త్రోసివేసిన రాక్షసుని కోరికనే జనులు ఆయన పేరట నెరవేర్చుచున్నారు.

ఈ మల్లేశ్వరుడు మన కొండకు మాత్రమే చెందినవాడు కాడు. కన్నడదేశమున మైలారలింగడనియు, మహారాష్ట్రమున జేజూరిలో ఖండోబా యనియు, తెలంగాణములో కొమురవెల్లిలోను ఐనవోలులోను మల్లన్న యనియు కొలుచునది ఈయననే. పసుపు చల్లుట అన్నిచోట్లను కలదు. ఖండోబాను గూర్చిన మల్లారి మాహాత్మ్యమను సంస్కృత గ్రంథములో ఆ యిద్దరు రాక్షసులును వేరువేరు వరములు కోరినట్లున్నది. మణి పశ్చాత్తాపపడి, తన తెల్లగుఱ్ఱమును సమర్పించి, లోకమునకు మేలు కలుగవలెననియు, తనకు మేక మాంసము నైవేద్యము కావలెననియు కోరెను. వానికి గుడిలో చోటు దొరికినది. మల్లుడు లోకనాశనమును, నరమాంసమును కోరెను. వాని తల భక్తులు త్రొక్కు మెట్టు క్రిందికి పోయినది.

హైందవ సంప్రదాయము ఇచ్చట తనకు తానే తీర్పు చెప్పుకొనియున్నది. మనము వెలుపలనుండి చెప్పవలసిన పనియే లేదు. ఈ రెండు కోరికలలో దేనికి చోటివ్వవలెనో, దేనిని కాలిక్రింద త్రొక్కవలెనో ఆ గ్రంథమే చెప్పినది.

ఆచారము మారునా?

“తాతల నాటినుండి వచ్చినది, మార్చరాదు” అని పెద్దాయన అనెను. గాని తాతలు దానిని మార్చుచునే వచ్చిరి. నరబలి పిడికెడు రక్తమైనదని కథయే చెప్పుచున్నది. వెనుకటి దినములలో తెలుగు కన్నడ గ్రామములలో సిడి యను మ్రొక్కుబడి యుండెను. మనుష్యుని వీపున ఇనుప కొక్కెములు గ్రుచ్చి ఎత్తైన మ్రానునకు వ్రేలాడదీసి త్రిప్పుదురు. తరువాత గుడ్డతో నడుమునకు కట్టి త్రిప్పిరి. కొన్నిచోట్ల మనిషికి మారుగా మేకను, కొన్నిచోట్ల బొమ్మను కట్టిరి. దసరానాడు ఆదోని బజారులో లారీల ముందర గుమ్మడికాయ కోసి కుంకుమ పూయుట మనమందరము చూచినదే. ఆ కుంకుమ దేనికి గుర్తో ఎవరును ఆలోచింపరు. అది యొకప్పటి రక్తము. మనిషికి మారుగా మేక, మేకకు మారుగా కాయ, రక్తమునకు మారుగా కుంకుమ వచ్చెను. ఈ మార్పులను తెచ్చినవారు క్రైస్తవులు కారు; ఆ దేవతలను భయభక్తులతో కొలిచిన జనులే. వారి మనస్సులో ఎప్పుడో ఒక దయ పుట్టి, ఇంత చాలునని పలికినది.

చట్టమొక్కటే ఆచారమును మాన్పలేదనుటకు మన ప్రాంతమే సాక్ష్యము. ఆడబిడ్డను దేవతకు విడిచి బసివిగా చేయు ఆచారము ఈ తాలూకాలలో నుండెను. మగబిడ్డలు లేని యింట వంశము నిలుచుటకని చిన్నపిల్ల జీవితమును పణముగా పెట్టిరి. ఆలూరు బళ్లారి జిల్లాలో భాగమై మద్రాసు ప్రభుత్వము క్రింద నుండగనే 1947లో దేవదాసీల నిషేధ చట్టము వచ్చెను. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములో చేరి కర్నూలు జిల్లాలో కలిసెను. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ విషయమై మరల చట్టము చేయవలసివచ్చెను. నలుబది యేండ్ల తరువాత రెండవ చట్టము కావలసివచ్చుటయే మొదటిది చాలలేదనుటకు గుర్తు. పోలీసు కర్రను పట్టుకొనగలడు, ఒట్టును పట్టుకొనలేడు. ఒట్టు పెట్టుకొనిన మనస్సే దానిని విడువవలెను.

మన యింటి యొట్టు

ఇంతవరకు చదివి, “వారి సంగతి బాగుగా చెప్పితిరి” అని సంతోషించు సహోదరుడెవడైన నున్నయెడల, ఆయన న్యాయాధిపతుల గ్రంథము పదునొకండవ అధ్యాయము తెరచి చూడవలెను. యెఫ్తా మన గ్రంథములోనివాడు. యుద్ధములో జయమిచ్చినయెడల తన యింటి ద్వారమునుండి తన్ను ఎదుర్కొన వచ్చునది దేవునిదగునని మ్రొక్కుకొనెను. వచ్చినది ఒక్కగానొక్క కుమార్తె, తంబురలతోను నాట్యముతోను వచ్చెను. అతడు బట్టలు చింపుకొనెను గాని మాట తప్పలేనని యనుకొనెను. అబ్రాహాము చేతిని ఆపిన స్వరము అక్కడ వినబడలేదు, పొట్టేలును కనబడలేదు.

నాకు ఎక్కువ దుఃఖము కలిగించునది మరియొకటి. మ్రొక్కుకొనబడిన మనుష్యుని వెల చెల్లించి విడిపించుకొనవచ్చునని లేవీయకాండము చివరి అధ్యాయములో ఏర్పాటున్నది. మగవానికి ఇంత, ఆడుదానికి ఇంత, బీదవానికైతే యాజకుడు తగ్గించి నిర్ణయింపవచ్చునని వ్రాయబడియున్నది. తన ధర్మశాస్త్రములోనే తలుపు తెరచియుండగా యెఫ్తా దానిని వెదకినట్లు కనబడదు. ఎవరినైనను అడిగెనా? తెలిసినవాడు ఒక్కడైనను ముందుకు వచ్చి చెప్పెనా? భయముతో నిలుపుకొనిన మాటయే భక్తియని ఊరంతయు ఊరకుండెను. ప్రతి సంవత్సరము ఆమెను గూర్చి ప్రలాపించుటకు నాలుగు దినములు మాత్రము ఏర్పరచుకొనిరి.

దేవరగట్టు పెద్దలకును యెఫ్తాకును భేదమేమి? ఇద్దరి యింటిలోను దయగల తలుపు కలదు. ఇద్దరును దానివైపు చూడలేదు. మీకా ప్రవక్త కాలములోను జనులు ఎన్ని పొట్టేళ్లు, ఎన్ని నూనె నదులు, చివరకు జ్యేష్ఠపుత్రుడే కావలెనా యని దేవుని వెల అడిగిరి. ప్రవక్త చెప్పిన జవాబులో రక్తము ప్రస్తావనయే లేదు. న్యాయము, కనికరము, దీనమైన నడత మాత్రము కలవు.

మన సంఘములను చూచుకొందము. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చెను. బాప్తిస్మము పొందిన మన యిండ్లలో కట్నము లేని పెండ్లిండ్లెన్ని? ఆడపిల్ల తండ్రి ఎకరము చేను అమ్మి తెచ్చిన డబ్బును లెక్కపెట్టుకొని, తరువాత గుడిలో నిలిచి ప్రార్థన చేయుచున్నాము. “ఆచారము గదా అయ్యగారూ” అని మన సంఘపెద్దలు నాతో చెప్పిన స్వరమునకును, ఆ అరుగుమీది ముసలివాని స్వరమునకును నాకు భేదము తెలియలేదు. సిగ్గుతో వ్రాయుచున్నాను, అట్టి పెండ్లిండ్లకు నేనును దీవెన చెప్పితిని. దేవరగట్టులో పిడికెడు రక్తము తన తొడనుండి తానే యిచ్చును. మనము మాత్రము ఇతరుల తొడనుండి అడిగి తీసికొనుచున్నాము.

చూచుట పాపమా?

ఇప్పుడు ఆ యౌవనస్థుని ప్రశ్నకు వత్తును. వాడు మరల వచ్చినప్పుడు నేను చెప్పినది యిది:

“నాయనా, నీవు విగ్రహమునకు మ్రొక్కలేదని నేను నమ్ముచున్నాను. నీవు ఆ కొండ యెక్కినంత మాత్రమున అపవిత్రుడవు కాలేదు. పౌలు ఏథెన్సు వీధులలో తిరిగి వారి బలిపీఠములను చూచెను. చూచినందుననే వారితో మాటలాడగలిగెను. గాని అదే పౌలు, స్తెఫనును రాళ్లతో కొట్టిన దినమున తాను రాయి వేయలేదని తప్పించుకొనలేదు. కొట్టువారి వస్త్రములకు కావలియుండి సమ్మతించితినని ఒప్పుకొనెను. ఆ రాత్రి కొట్టువారు ఎందరు, చూచువారు ఎందరు? చూచువారే లేకుంటే ఆ కర్రలు అంత యెత్తు లేచునా? నీవు ఫోను ఎత్తి పట్టుకొనలేదా?”

వాడు తల వంచుకొనెను. 2023లో చూడవచ్చిన యొకడు చెట్టెక్కగా కొమ్మ విరిగిపడి మరణించిన సంగతి వానికి జ్ఞాపకము చేసితిని. కొట్టుకొనువారికి దీక్షయైనను కలదు, పాలబాసయైనను కలదు. చూచువారికి అదియును లేదు. ఇతరుల రక్తము మనకు వినోదమగుటకంటె వారి మ్రొక్కుబడియే మేలని నాకు తోచుచున్నది.

“మరి వచ్చే యేడు ఏమి చేయమంటారు అయ్యగారూ?” అనెను.

“నీ స్నేహితుని విడిచిపెట్టమని నేను చెప్పను. ఆ సాయంకాలము వాని యింటికి పొమ్ము. వానితో కూర్చుండుము. వాడు పోకుండ నీవు ఆపగలిగినంత సేపు ఆపుము” అంటిని.

కుట్లు విప్పిన తరువాత నేను మరల పెద్దాయన యొద్దకు పోతిని. పిడికెడు రక్తపు కథను ఆయన నోటనే చెప్పించుకొంటిని. చివరకు, “పెద్దాయనా, స్వామి పిడికెడే ఒప్పుకొనెను గదా, మిగిలినది ఎవరికి చెల్లించుచున్నారు?” అని యడిగితిని.

ఆయనకు కోపము రాలేదు. చాలసేపు వీధివైపు చూచి, “నాకు చెప్తే ఏమి లాభం అయ్యగారూ? ఒక ఊరు కట్టె దించితే, ఇంకో ఊరు పిరికివాళ్లంటుంది. అన్ని ఊళ్ల పెద్దలూ ఒకనాడు కూర్చొని దించల్ల” అనెను. ఆ మాటలో దేవుని భయము లేదు, వాన భయమును లేదు. ఇంతకాలము భక్తియని పేరు పెట్టుకొనినదానిలో పరువు ఎంత పాలున్నదో ఆయనే చెప్పివేసెను. చెప్పితినని ఆయనకు తెలిసినదో లేదో నాకు తెలియదు.

బన్ని యను మాటకు కన్నడమున జమ్మిచెట్టని అర్థము. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు తమ ఆయుధములను కట్టి పెట్టినది ఆ చెట్టుమీదనే. మరల దించుకొనినదియు ఆ చెట్టునుండియే యని నాకు తెలియును. అయినను ఒక సంవత్సరము అవి అక్కడ నుండెను. దసరానాడు పెద్దాయన యింటివారు జమ్మి ఆకును బంగారమని చెప్పి వీధిలోని ప్రతి యింటికి ఇత్తురు. మా యింటికిని ఇత్తురు. క్రైస్తవుడు దానిని తీసికొనవచ్చునా యని కొందరు సంఘస్థులు నన్ను అడిగియున్నారు. వారు దానిని నైవేద్యముగా నాకు ఇవ్వలేదు. ఏడాదిలో ఏర్పడిన మనస్పర్ధలను మరచిపోదమని ఇచ్చిరి. నేను రెండు చేతులతో పుచ్చుకొంటిని, ఇకముందును పుచ్చుకొందును.

ప్రియులారా, మన పొరుగువారి ఆచారములలో భయము కలదు, దయయు కలదు. మన ఆచారములలోను అవి రెండును కలవు. వారి దయ యెక్కడనున్నదో వారికి జ్ఞాపకము చేయుటకు ముందు, మనము అడిగి తీసికొనుచున్న రక్తమును మన గుమ్మమునొద్దనే నిలిపివేయుదము. వచ్చు పెండ్లి కాలమున మన సంఘములో ఒక్క పెండ్లియైనను కట్నము లేక జరిగినయెడల, ఆ అరుగుమీద మరల కూర్చుండుటకు నాకు ధైర్యము కలుగును.